తాళం లేని పుస్తకాల పెట్టె

పార్లమెంటు సమావేశాలు లేని రోజులలో రాజధాని విలేఖరికి వాదోపవాదాలు కరువవుతాయని పాఠకులు భావిస్తే పొరపాటు. యమునకు తూర్పున మేము నివసించే కాలనీలో, గత శీతకాలంలో ఒక పుస్తకాల పెట్టె విషయమై జరిగిన చర్చ, పాతికేళ్ళుగా ప్రెస్ గ్యాలరీ నుంచి నేను విన్న అనేక చర్చలకు తీసిపోలేదు.

ప్రతిపాదన స్వల్పమైనది. ఇళ్ళలో చదివి మూలపడేసిన పుస్తకాలను ఒక కొయ్యపెట్టెలో నలుగురూ నడిచే చోట ఉంచాలి. కావలసినవారు తీసుకుపోవచ్చు, వీలైనవారు మరొకటి తెచ్చిపెట్టవచ్చు. సభ్యత్వం లేదు, జరిమానా లేదు. 2009లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, హడ్సన్ అనే ఊళ్ళో టాడ్ బోల్ అనే ఆయన, ఉపాధ్యాయిని అయిన తన తల్లి జ్ఞాపకార్థం బడి ఆకారంలో ఇటువంటి పెట్టె ఒకటి చేసి ఇంటి ముందు నిలిపారు. ఆ పద్ధతి తరువాత అనేక దేశాలకు పాకింది. మా కాలనీలో ఒక విశ్రాంత ఇంజనీరు పాత బీరువా ఇచ్చారు. వడ్రంగి కూలి మాత్రమే పుచ్చుకుని, పైన వానకు వాలుగా రేకు కొట్టాడు. పుస్తకాలు ఒక్క ఆదివారం నాడే పోగయ్యాయి.

తగవంతా పెట్టె ఎక్కడ ఉండాలన్న దాని మీదనే. గేటు లోపల ఉంటే భద్రమనీ, బయట పెడితే నాలుగు రోజులలో పాత కాగితాల దుకాణానికి చేరుతుందనీ ఒక పక్షం వాదించింది. గేటు లోపలివారికి పుస్తకాలు కొనుక్కునే స్తోమత ఉన్నదనీ, లేనివారు గేటు బయటనే ఉన్నారనీ రెండవ పక్షం బదులు చెప్పింది. చివరకు రాజధానిలో తరచు జరిగేదే జరిగింది. ఉభయ పక్షాలనూ మెప్పించబోయి, పెట్టెను గేటు లోపల పెట్టి, తాళం వేసి, తాళంచెవి కాపలాదారుకు అప్పగించారు. ‘అందరికీ ఉచితం’ అని పైన బోర్డు మాత్రం రాయించారు.

రెండు నెలలలో ఆ పెట్టె నుంచి బయటకు వెళ్ళిన పుస్తకాలను చేతివేళ్ళ మీద లెక్కించవచ్చు. ఇళ్ళలో పనిచేసేవారి పిల్లలు దగ్గరకు వస్తే కాపలాదారు అదిలించేవాడు. అతనిని తప్పు పట్టలేము. అతనికి ఒప్పగించినది పుస్తకాలు కావు, తాళంచెవి.

మళ్ళీ సమావేశం జరిగింది. ఈసారి పెట్టె గేటు బయట, వేపచెట్టు కింద ఇస్త్రీ బండి పక్కకు మారింది. తాళం తీసివేశారు. మొదటి పదిహేను రోజులలోనే సగం పుస్తకాలు కనిపించకుండా పోయాయి. కొన్ని నిజంగానే తూకానికి వెళ్ళాయి. కానీ మిగిలినవి తిరిగి రాసాగాయి. రోజంతా అక్కడే ఉండే ఇస్త్రీ ఆమె, ఎవరూ చెప్పకుండానే పెట్టెకు సంరక్షకురాలైంది. ఆమెకు చదువు రాదు. ఎనిమిదవ తరగతి చదివే కూతురు సాయంత్రాలు వచ్చి పుస్తకాలు సర్దుతుంది. హిందీ కథల పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు నిలవవు. మేము ఘనంగా ఇచ్చిన ఇంగ్లీషు నవలలు కదలవు.

ఇది మనకు కొత్త పాఠం కాదు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ 1910లో బోర్డెన్ అనే అమెరికన్ గ్రంథపాలకుని రప్పించి, సంస్థానమంతటా ఉచిత గ్రంథాలయాలు నెలకొల్పారు. పుస్తకాలు నింపిన కొయ్యపెట్టెలు అక్కడి పల్లెలకు ప్రయాణం చేసేవి. గ్రామస్థులు కొంత సొమ్ము పోగుచేస్తే, స్థానిక మండలి అంతే, ప్రభుత్వం అంతే జతచేసేవి. ఆంధ్రదేశంలో 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువపై ప్రయాణికుల పడవలలో పుస్తకాలు అందించే ఏర్పాటు చేశారు. ఎక్కినవారు ఎవరని ఆ పడవ అడగలేదు.

అయితే ఆ పెద్దలు పెట్టెతో, పడవతో తృప్తిపడలేదు, చట్టం కావాలన్నారు. రాజ్యాంగం గ్రంథాలయాలను రాష్ట్రాల జాబితాలో చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1960లో చట్టం వచ్చింది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను నేటికీ రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వసూలవుతున్నది. వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సక్రమంగా చెల్లించడం లేదన్న ఫిర్యాదు ఎంతో కాలంగా ఉన్నదే. రాజధానిలో, 1951లో యునెస్కో సహాయంతో వెలసి నెహ్రూ చేతుల మీదుగా ప్రారంభమైన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉన్నది. అయినా మా ఇస్త్రీ ఆమె కూతురికి పుస్తకం అందినది వేపచెట్టు కిందనే.

అందుచేత ఇటువంటి పెట్టెలను చూసి ఆనందిస్తూనే, ఒక మాట హెచ్చరించవలసి ఉన్నది. పెట్టెలో కూర్చుని చదువుకునే బల్ల ఉండదు, దీపం ఉండదు, అడిగిన పుస్తకం వెదికి ఇచ్చే గ్రంథపాలకుడు ఉండడు. రిబ్బను కత్తిరించడానికి పెట్టె చౌకైనది గనుక, గ్రంథాలయానికి బదులు పెట్టె చాలునని పాలకులకు తోచవచ్చు. ప్రజల చొరవ ప్రభుత్వానికి దారి చూపాలే గాని, సాకు కారాదు.

ఈ వర్షాకాలం మా పెట్టెకు చెదలు పట్టాయి. బాగుచేయించడానికి తలా యాభై రూపాయలు వేసుకున్నాము. వద్దన్నా వినక ఇస్త్రీ ఆమె కూడా ఇచ్చింది. బరోడా లెక్క ప్రకారం ప్రజల వాటా చేరింది. మిగిలిన రెండు వాటాలూ ఇంకా రావలసి ఉన్నాయి.