డైరెక్టరు తొలగింపు: సత్యం ఉదంతం చూపిన లోటు

2008 డిసెంబరు 16న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ బోర్డు ఒక తీర్మానం చేసింది. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను 160 కోట్ల డాలర్లకు కొనాలన్నది దాని సారాంశం. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు ఉన్న బోర్డే దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములతో, నిర్మాణాలతో ఏం పని అంటూ మదుపరులు మండిపడటంతో కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయం రద్దయింది.

కంపెనీ సొమ్ముకు డైరెక్టరు ధర్మకర్త వంటివాడు. సొంత లాభం కంపెనీ లాభానికి అడ్డొచ్చే చోట అతడు చేయి పెట్టకూడదు. 1956 నాటి కంపెనీల చట్టం ఈ బాధ్యతలను ఒకచోట కూర్చలేదు. 2013 చట్టం 166వ సెక్షన్‌లో కూర్చింది. దాని ప్రకారం అనుచితంగా పొందిన లాభాన్ని కంపెనీకి తిరిగి చెల్లించాలి.

తొలగించే అధికారం పాతదే. ప్రత్యేక నోటీసు ఇచ్చి, డైరెక్టరు వాదన విని, సాధారణ మెజారిటీతో వాటాదారులు అతణ్ణి పంపించేయవచ్చు. కారణం చెప్పాల్సిన పని లేదని 1986లో ఎస్కార్ట్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే తప్పును రుజువు చేసే భారమే వాటాదారుల మీద లేదు. చాలా కంపెనీల్లో ప్రమోటర్ల వాటా ఎక్కువ కాబట్టి ఈ అస్త్రం మొండిబారుతుంది. సత్యంలో ఆ అడ్డంకి కూడా లేదు. ప్రమోటర్ల వాటా అప్పటికే చాలా తగ్గిపోయింది. ఓట్లు ఉన్నాయి, లేనిది సమాచారం. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చేదాకా, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని వాటాదారులకు తెలియదు. ఆడిటర్ల సంతకం ఉన్న లెక్కలను అనుమానించేదెవరు? రామలింగరాజును ఎవరూ తొలగించనూ లేదు, తానే రాజీనామా చేశారు.

మిగిలిన బోర్డును పక్కకు తప్పించింది కూడా వాటాదారులు కాదు. కేంద్రం కంపెనీ లా బోర్డును ఆశ్రయించింది. జనవరి 11న దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను డైరెక్టర్లుగా నియమించింది, తర్వాత మరో ముగ్గురు చేరారు. ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్ళింది. ఇప్పుడు ఇలాంటి పనికి 2013 చట్టం 241, 242 సెక్షన్ల కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి.

తొలగింపు కంటే నివారణే ఇక్కడ బలమైన మార్పు అని నా అభిప్రాయం. మేటాస్ కొనుగోలు వంటి భారీ లావాదేవీ చేయాలంటే లిస్టెడ్ కంపెనీ ఇప్పుడు ముందుగా వాటాదారుల ఆమోదం తీసుకోవాలి. సంబంధమున్నవారు దానికి అనుకూలంగా ఓటు వేయడానికి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు ఒప్పుకోవు.