స్వప్నము – దానిని చూచు సాక్షి

ఆలయమునకు వచ్చు వారిలో పలువురు స్వప్నములను గూర్చి అడుగుచుందురు. “రాత్రి కలలో స్వామి కనబడినాడు, ఫలమేమి?” అని కొందరు. “ఏండ్ల తరబడి పూజ చేయుచున్నాము, ఒక్కనాడైనను స్వామి కలలోనికి రాలేదు. మాయందు లోపమేమి?” అని మరికొందరు. ఇంకను కొందరు చుట్టుప్రక్కల చూచి, మెల్లగా ఒక చెప్పరాని పీడకలను చెప్పి, “ఇది మా పాపమా?” అని కన్నీరు పెట్టుకొందురు. ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకై మనము నేడు ఐరోపా ఖండము దాకా పోయి, మరల ఉపనిషత్తుల కడకు రావలసి యున్నది.

వియన్నా నగర వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ స్వప్నార్థములను గూర్చిన తన గ్రంథమును 1899 చివర వెలువరించెను. మనస్సున మనకు తెలిసిన భాగము కొంచెమే యనియు, మనము అణచివేసిన కోరికలు అడుగున దాగి, కలలలో మారువేషము ధరించి పైకి వచ్చుననియు ఆయన వాదము. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించి ఆయనతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. 1931లో ఫ్రాయిడ్ డెబ్బదియైదవ జన్మదినమునకు ఆ సంఘమువారు దంతపు విష్ణుమూర్తిని కానుకగా పంపిరి. దైవమును నమ్మని ఆ పెద్దమనిషి స్వామిని తన వ్రాతబల్లపై గౌరవస్థానమున నుంచుకొనెనట!

ఫ్రాయిడ్‌తో కొంతకాలము కలిసి నడచి పిమ్మట విడిపోయిన స్విట్జర్లాండు దేశీయుడు కార్ల్ గుస్టావ్ యుంగ్ (1875–1961). ఆయనకు 1909లో ఒక కల వచ్చెను. తనదియే యైన రెండంతస్తుల ఇల్లు. మేడమీద విలాసమైన గది. క్రిందికి దిగగా మధ్యయుగము నాటి గదులు. ఇంకను దిగగా రోమనుల కాలపు నేలమాళిగ. దాని అడుగున ఒక రాతిపలక, దానిని లేపగా గుహ. గుహలో దుమ్ము, పగిలిన కుండపెంకులు, రెండు పుఱ్ఱెలు. ఫ్రాయిడ్ ఆ పుఱ్ఱెలనే పట్టుకొని, ఎవరి మరణమును కోరుచున్నావని గ్రుచ్చి గ్రుచ్చి అడిగెను. యుంగ్‌కు మాత్రము ఆ ఇల్లే మనస్సు యొక్క పటముగా తోచినది. వ్యక్తి అణచుకొన్న కోరికల క్రింద, మానవజాతి కంతటికిని ఉమ్మడియైన మరొక అంతస్తు కలదని ఆయన తలచెను. దానికి సామూహిక అచేతనమని పేరు.

ఆ అంతస్తున నుండునవి ఆర్కిటైపులు. మనము వీనిని మూలరూపము లందము. తల్లి, జ్ఞానవృద్ధుడు, వీరుడు, మనలోని చీకటి నీడ – ఇట్టివి. ఇవి తయారైన బొమ్మలు కావు. పోతవిగ్రహము పోయు మట్టి అచ్చు వంటివి. అచ్చులోపల శూన్యమే, లోహము పోసినగాని రూపము కానరాదు. ఆ లోహము మన ఇల్లు, మన భాష, మనము విన్న పురాణములు.

ఇచట ఒక మాట. “ఇదియంతయు మన ఋషులు ఎన్నడో చెప్పినదే, వాసనలన్నను మూలరూపములన్నను ఒక్కటే” యని వేదికలపై తరచుగా వినుచుందుము. ఇది తొందరపాటని మా అభిప్రాయము. వాసనలు ఆయా జీవుని కర్మనుండి పుట్టినవి, సాధనచే క్షయింపదగినవి. యుంగ్ చెప్పిన మూలరూపములు ఎవరి కర్మఫలమును కావు. వానిని నశింపజేయుమని ఆయన చెప్పలేదు, ఎదుట నిలిపి సంభాషింపుమనెను. రెండింటిని కలిపివేసినచో రెండును అర్థము కావు.

1938లో భారత సైన్సు కాంగ్రెసు రజతోత్సవ సందర్భమున యుంగ్ కలకత్తాలో నుండెను. అచట జిగట విరేచనములతో ఆసుపత్రి పాలై, కోలుకొన్న పిమ్మట ఒక కల కనెను. ఆ కలలో శివుడు రాలేదు, కాళి రాలేదు. ఇంగ్లండు తీరమున ఒక దీవి, ఒక కోట, క్రైస్తవ గాథలలోని పవిత్రపాత్ర వచ్చినవి. ఆ పాత్రను తెచ్చుటకు చలినీటిలో తానొక్కడే ఈదవలసి యుండెను. ఈ దేశమున నీకేమి పని, నీవారి ఔషధపాత్రను వెదకుమని కల తన్ను మందలించినట్లు ఆయన గ్రహించెను.

ఇప్పుడు మన కవులను స్మరింపుడు. విరాటపర్వ అవతారికలో తిక్కనకు కలలో తండ్రి కొమ్మన కనబడి హరిహరనాథుని సందేశము తెలిపెను. కళింగ దండయాత్రలో కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఏకాదశి నుపవసించిన శ్రీకృష్ణదేవరాయలకు ఆంధ్రవిష్ణువు కలలో కనబడి, ఆముక్తమాల్యదను తెనుగున రచింపుమని ఆజ్ఞాపించెను. తిక్కనకు తన ఇంటివాడే, రాయలకు తానున్న క్షేత్రస్వామియే, యుంగ్‌కు తన దేశపు పాత్రయే. కల మనకు తెలిసిన వస్త్రములనే తొడుగుకొని వచ్చును. కావున స్వామి కలలోనికి రాలేదని కుమిలిపోవువారికి మేము చెప్పునది ఇది: మీ దైవము మీ అమ్మ రూపమున, పాత ఉపాధ్యాయుని రూపమున, వానలో తలుపు తట్టిన అపరిచితుని రూపమున వచ్చి పోయి యుండవచ్చును. కిరీటము, శంఖచక్రములు లేనంత మాత్రమున రాలేదనుకొనుట యేల?

పీడకలల సంగతి ఇంతకంటె బరువైనది. మనము మనదని ఒప్పుకొనని కోపము, కామము, అసూయ యుంగ్ చెప్పిన నీడయై కలలో ఎదురగును. శాంతస్వభావముగల ఇల్లాలు కలలో ఒకరిని కొట్టును, నిష్ఠాపరుడు చేయరానిది చేయును. మేల్కొని తమ్ము తాము నిందించుకొందురు. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు జనకునకు దీనికి సమాధానము చెప్పియున్నాడు. కలలో పురుషుడు ఏమి చూచినను, అది వాని నంటుకొని రాదు; వాడు అసంగుడు. అందుచే అది పాపము కాదు. అయినను కల చూపినది మనస్సున నున్నదే గనుక, దానిని చూడకుండ కన్నులు మూసికొనుటయు తగదు.

ఈ అసంగుని విషయముననే యుంగ్‌కును వేదాంతమునకును రాజీ కుదరలేదు. అహంకారము లేనిచో తెలియువాడే యుండడనియు, అది అచేతనమే యగుననియు ఆయన వాదము. మన ఆచార్యులు సుషుప్తిని చూపుదురు. లేచిన పిమ్మట “సుఖముగా నిద్రించితిని, ఏమియు తెలియలేదు” అందుము. ఏమియు తెలియలేదన్నది ఎవరికి తెలిసినది? జాగ్రత్, స్వప్న, సుషుప్తుల మూడింటికిని వెనుక నున్న సాక్షిని మాండూక్యము తురీయ మనినది. తిరువణ్ణామలైలో శ్రీ రమణ మహర్షి యున్నట్లెరిగియు యుంగ్ అచటికి పోలేదు. జర్మను పండితుడు హైన్రిచ్ జిమ్మర్ మహర్షిని గూర్చి వ్రాసిన గ్రంథమునకు మాత్రము 1944లో పీఠిక వ్రాసెను.

ఇక ఆచరణ. వేకువన కల గుర్తున్నచో ఫలము అడుగుటకు పరుగెత్తక, రెండు వాక్యములలో వ్రాసికొనుడు. అందులో మిమ్ము భయపెట్టినది మీలోని దేనిని పోలియున్నదో చూడుడు. కలలోను ధ్యానమునకు ఆలంబనము కలదని పతంజలియు అంగీకరించెను. గడచిన ప్రమాదమో, మరణమో నెలల తరబడి కలలో తిరిగి తిరిగి వచ్చి నిద్రను చెరచుచున్నచో, మానసిక వైద్యుని చూడుడు. అర్చనయు మానవలసిన పని లేదు.