తారుకీ మట్టికీ ఒకటే టైరు!

విశాఖ నుంచి అరకు దాకా తారు రోడ్డే. శృంగవరపుకోట దాటాక ఘాట్ మలుపులు. అరకు నుంచి కొండమీది ఊళ్ల వైపు తిరిగితే మాత్రం చాలాచోట్ల ఎర్రమట్టి, గులకరాళ్లు... వాన పడితే బురదే!

ఇలాంటి దారుల్లో తిరిగే కుర్రాళ్లకు టైర్ల షాపులో మొదట నచ్చేది ట్రాక్టరు చక్రంలా పెద్దపెద్ద దిమ్మలున్న టైరే. దర్జాగా ఉంటుంది, బురదని విదిలించుకుంటూ పోతుంది కూడా. చిక్కంతా తడిసిన తారు మీద! దిమ్మల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి రోడ్డుకి ఆనే రబ్బరు తక్కువ. మలుపులో గట్టిగా బ్రేకు వేస్తే బండి జారుతుంది. వెనక సీట్లో ఇల్లాలో పిల్లలో ఉంటే..? పైగా మోత, తారు మీద తొందరగా అరుగుదల.

అందుకే, నెలలో తిరిగే వంద కిలోమీటర్లలో మట్టి మీద నడిచేవెన్నో ముందు నిజాయతీగా లెక్కేసుకోవాలి. ఇరవైకి మించకపోతే 80/20 రకం చాలు. సగం సగమైతేనే 50/50. ఈ అంకెలూ కంపెనీల అంచనాలే సుమా!

సైజు మాత్రం బండితోపాటు వచ్చిందే ఉండాలి. 2016లో వచ్చిన హిమాలయన్‌కి ముందు చక్రం 21 అంగుళాలు. ఆ టైరు మామూలు బైకుల 17, 18 అంగుళాల చక్రానికి ఎక్కదు. టైరు పక్కన ఉండే నాలుగంకెలూ చూడాలి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని.

మట్టిదారిలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. తారెక్కగానే మళ్లీ నింపకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. కొండల్లో గాలి కొట్టే షాపు ఎక్కడుంటుందీ... సంచిలో చిన్న పంపు పెట్టుకోవాల్సిందే!