పాత ఇంటి బాగుసేత: ముందు నీరు, తర్వాత బరువు, చివరికి రంగు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో పాత ఇళ్లు ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి మట్టి మిద్దె. రెండోది గూన పెంకులో బంగాళా పెంకులో పరిచిన పెంకుటిల్లు. మూడోది రాతి గోడల మీద తర్వాతెప్పుడో స్లాబు వేసిన ఇల్లు. మూడింటిలోనూ పైకప్పు బరువు మోసేది గోడే. ఇప్పటి ఇళ్లకున్నట్టు పిల్లర్లు ఉండవు. ఆ గోడ రాళ్లను, ఇటుకలను పట్టి ఉంచేది మట్టి లేదా సున్నం. ఇలాంటి ఇంటిని కొత్త ఇంటి లెక్కలతో బాగు చేయబోతేనే చిక్కులు వస్తాయి.

ఈ పనులు ఇప్పుడే ఎందుకు ముందుకొస్తున్నాయి? మొదటి కారణం ఇళ్ల వయసు. నాగార్జునసాగర్ కాల్వలకు 1967లో నీళ్లు వదిలారు. ఆ నీటితో పండిన వరి డబ్బుతో మిర్యాలగూడ, కోదాడ వైపు కట్టుకున్న తొలి ఇళ్లకు ఇప్పుడు యాభై ఏళ్లు దాటాయి. గోడలో దిగిన దూలాల కొసలు పుచ్చే వయసది. రెండో కారణం వానలు. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన కుండపోతకు కోదాడలో వరద ఇళ్లలోకి వచ్చింది. నీళ్లు నానిన మట్టి గోడ ఆరాక కూడా మునుపటి బలంతో ఉండకపోవచ్చు. మూడోది కుటుంబాల తీరు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. అమ్మానాన్నలు ఊళ్లో ఉంటారు. ఇంట్లో పెళ్లి కుదిరితే పాత ఇల్లు అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది.

ముందుగా నీటి సంగతి చూద్దాం. నేలలోని తేమ గోడలోని సన్నటి రంధ్రాల గుండా పైకి పాకుతుంది. దీన్ని ఎగబాకే చెమ్మ అనుకుందాం. కాల్వ కింద పొలాల్లో నెలల తరబడి నీళ్లు నిలిచే ఊళ్లలో భూగర్భ నీటిమట్టం పైకొస్తుంది కాబట్టి ఈ చెమ్మ ఎక్కువ. సున్నపు పూత ఉన్న గోడ ఆ తడిని మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది. అదే గోడకు సిమెంటు పూస్తే దారి మూసుకుపోతుంది. తడి లోపలే ఉండి పూత లేనిచోటికి, అంటే ఇంకా పైకి పాకుతుంది. దాంతోపాటు లవణాలూ వస్తాయి. అవి పూత వెనకాల గడ్డకట్టి దాన్ని బయటికి నెడతాయి. రెండేళ్లకే పెచ్చులూడుతున్నాయని మేస్త్రిని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు చేతిపనిలో ఉండదు, సరుకు ఎంపికలో ఉంటుంది.

సున్నానికీ సిమెంటుకూ ప్రధాన ముడిసరుకు ఒకటే, సున్నపురాయి. మేళ్లచెరువు, మట్టంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి ఉన్నందువల్లే. సిమెంటు నీటితో కలిసి గంటల్లో గట్టిపడుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. సిమెంటు వాకిట్లోకే వచ్చాక అంతకాలం ఆగే ఓపిక పోయింది. డంగు సున్నం గానుగలూ పోయాయి. కానీ పాత గోడకు ఇప్పటికీ సున్నమే సరిపడేది. సున్నం పాళ్లు ఎక్కువ, సిమెంటు పాళ్లు తక్కువ ఉన్న మాలు కొంతవరకు రాజీ మార్గం. పూత కంటే ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి. చూరు నీళ్లు గోడకు దూరంగా పడాలి. గోడ పక్కన నేల బయటికి వాలాలి. స్నానాల గది నీళ్లు పునాదిలోకి ఇంకకూడదు.

రెండోది బరువు. నాలుగు అంగుళాల స్లాబు చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగుతుంది. బంగాళా పెంకుల కప్పు అందులో నాలుగో వంతు ఉంటుంది. అడుగు మందం మట్టి పరిచిన మిద్దె మాత్రం అర టన్ను దాకా ఉంటుంది. అంటే మిద్దె తీసి స్లాబు వేస్తే గోడ మీద బరువు తగ్గుతుంది. పెంకులు తీసి స్లాబు వేస్తే నాలుగింతలు పెరుగుతుంది. ‘పక్కింటివాళ్లు వేశారు కదా’ అనుకునే ముందు వాళ్లది మిద్దెనో పెంకుటిల్లో చూడాలి.

స్లాబుతో ఇంకో సంగతి ఉంది. ఎండకు అది సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. మట్టితో కట్టిన గోడ పైవరసలు ఆ లాగుడుకు పగులుతాయి. అందుకే స్లాబు కింద గోడలన్నింటినీ చుట్టి కాంక్రీటు బెల్టు వేస్తారు. అది బరువును సమంగా పంచుతుంది, గోడలను ఒకదానికొకటి కట్టి ఉంచుతుంది. సూర్యాపేట జిల్లా చింతలపాలెం, మేళ్లచెరువు మండలాల్లో 2019 చివర, 2020 మొదట్లో భూమి పలుమార్లు కంపించింది. అలాంటప్పుడు గోడలు విడిపోకుండా కాపాడేదీ ఈ బెల్టే. ఇల్లు స్లాబునూ బెల్టునూ మోయగలదా అన్నది ఇంజినీరు పునాది తవ్వి చూసి చెప్పాలి. ఇల్లు మున్సిపాలిటీ పరిధిలో ఉంటే కొత్తగా గది వేసినా, అంతస్తు లేపినా దాని నిబంధనలు వర్తిస్తాయి. భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో ఒక పై అంతస్తు వరకు అనుమతి అక్కర్లేదంది. రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలంది.

ఇక ఇంటివాళ్ల సాయం. గుత్తకు తీసుకున్న మేస్త్రికి రోజు గడిచేకొద్దీ నష్టం. అతను త్వరగా ముగించాలనే చూస్తాడు, అది సహజం. పాత ఇంటికి కావాల్సింది నిదానం. ఆ నిదానం ఇంటివాళ్ల దగ్గరే దొరుకుతుంది. పెంకులు ఒక్కొక్కటిగా దించి, పగిలినవి వేరు చేయడం. టేకు దూలాలను సుత్తితో తట్టి బోలుగా మోగేవాటికి గుర్తు పెట్టడం. దర్వాజాలు, కడపలు విరగకుండా ఊడదీయడం. అన్నిటికంటే ముఖ్యమైనది కొత్త కాంక్రీటును తడపడం. మామూలు సిమెంటుకైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకైతే 10 రోజులు తడి ఆరకూడదు. మేస్త్రి వెళ్లిపోయాక ఈ పని బావమరిదో మేనల్లుడో చూసుకుంటే స్లాబు బలం నిలుస్తుంది. కరెంటు వైరింగు, సెంట్రింగు, దూలం మార్చడం మాత్రం చుట్టరికంతో జరిగే పనులు కావు. పైకప్పు మోస్తున్న గోడను పని తెలిసినవాళ్లు ఆపు పెట్టకుండా కదిలించకూడదు.

డబ్బు సాయానికి ముందే పేరు పెట్టుకోవాలి. అది కానుకా, అప్పా, వాటాలో పెట్టుబడా? తోబుట్టువులు ఇచ్చే కానుక మీద పన్ను లేదు. అప్పయితే 20,000 రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోకూడదని ఆదాయ పన్ను చట్టం చెబుతోంది. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం మాత్రమే ఉండి పన్ను పడకపోతే మినహాయింపు ఉంది. మిగతావారికి బ్యాంకు ద్వారా పంపడమే మేలు.

ఇల్లు నాన్నదో తాతదో అయితే అందులో హక్కు ఎవరెవరికి ఉందో ముందే తేల్చుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి అప్పటికి పెళ్లికాని హిందూ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయినవారితో సహా హిందూ ఆడపిల్లలందరికీ వచ్చింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అన్న తన డబ్బుతో బాగు చేసినంత మాత్రాన చెల్లెలి వాటా పోదు. చెల్లెలు తన వాటా వదులుకోవాలనుకుంటే హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టర్ చేయాలి, నోటిమాట చాలదు. ఇంటి పన్ను రసీదు కూడా యాజమాన్యానికి రుజువు కాదు. ఎవరెంత పెట్టారు, రేపు పంచుకుంటే ఆ ఖర్చు ఎలా లెక్కిస్తారు అన్నది ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు చేస్తే చాలా తగాదాలు మొదలే కావు.

మిగిలింది వేళ. యాసంగి కోతలయ్యాక కాల్వ నీళ్లు ఆగుతాయి, ఎండలు ముదురుతాయి, గోడ ఆరుతుంది. కప్పు పనులు, పూత పనులు వానలకు ముందే ముగించాలి. ఖరీదైన రంగులకు మాత్రం ఒక వానాకాలం ఆగాలి. చెమ్మ ఎక్కడ మిగిలిందో ఆ నాలుగు నెలల్లో గోడే చూపిస్తుంది. ఈలోపు పెళ్లి ముహూర్తం వస్తే సున్నపు వెల్ల వేయించొచ్చు. ఖర్చు తక్కువ, ఇంటివాళ్లే వేయగలరు, గోడకూ అదే సరిపడుతుంది.