తెరచాప ఓడపై పిడుగు

నడిసముద్రములో తెరచాప ఓడకంటె ఎత్తయిన వస్తువు చుట్టుప్రక్కల కొన్ని మైళ్ళవరకు మరియొకటి ఉండదు. అందుచే మేఘమునుండి దిగివచ్చు విద్యుత్తునకు తెరచాపను మోయు కొయ్యయే మొదటి మజిలీ అగును. ఓడపై పిడుగు పడకుండ చేయుట మానవుని చేతిలో లేదు. పడిన విద్యుత్తు ఏ దారిని నీటిని చేరవలెనో ఏర్పాటు చేయుట మాత్రము అతని చేతిలోనే ఉన్నది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1752లో మేఘములలోనిది విద్యుత్తేయని గాలిపటముతో పరీక్షించి చూచెను. భూమిపై భవనములకు రక్షణ కడ్డీలు వెంటనే వచ్చినను, ఓడలకు నమ్మదగిన రక్షణ ఏర్పడుటకు మరి తొంబది ఏండ్లు పట్టినది.

కొయ్య ఎందుకు పగులును? పిడుగులో ప్రవహించు విద్యుత్తు సామాన్యముగా 30,000 ఆంపియర్ల వరకు ఉండును. ఇంటిలోని పంకా తిరుగుటకు అర ఆంపియరు కూడ అక్కరలేదు. మెరుపుదారిలోని గాలి సుమారు 30,000 సెంటిగ్రేడు డిగ్రీల వరకు వేడెక్కును. ఇది సూర్యుని ఉపరితలపు వేడికి ఐదు రెట్లు. కొయ్య ఎండినట్లు కనిపించినను దాని నాళములలో కొంత తేమ ఉండనే ఉండును. విద్యుత్తు ఆ తేమను వెదకికొని పోవును. తేమ క్షణములో ఆవిరియగును. నీరు ఆవిరియైనపుడు సుమారు 1,700 రెట్లు వ్యాపించును. బయటపడుటకు దారిలేని ఆ ఆవిరి కొయ్యను లోపలినుండి చీల్చివేయును. పిడుగు పడిన చెట్టు బెరడు నిలువునా ఊడిపోయి ఉండుటను చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. కొయ్య కాలుటకంటె ముందు ప్రేలుననుట సరియైన మాట.

1799 మొదలు 1815 వరకు బ్రిటిష్ నావికాదళములో ఇట్టి ప్రమాదములు సుమారు 150 జరిగినట్లును, వానిలో 70 మంది వరకు నావికులు మరణించినట్లును, 130 మందికి పైగా గాయపడినట్లును లెక్కలు కలవు. అది యుద్ధకాలము. పెద్ద కొయ్య విరిగిన ఓడ శత్రువు ఎదుట రెక్క తెగిన పక్షివలె నిలిచిపోవును. ఆ ఓడలలో రక్షణ సాధనము అసలు లేకపోలేదు. ఒక రాగి గొలుసును పెట్టెలో ఉంచి, ఉరుములు వినబడినప్పుడు కొయ్య కొసకు ఎక్కించి, రెండవ కొనను సముద్రములో వదలవలెనని నియమము. గాలివానలో, చీకటిలో, అంత ఎత్తునకు ఎక్కి గొలుసు కట్టువాని ప్రాణమునకే మొదట అపాయము. కనుక గొలుసు తరచుగా పెట్టెలోనే ఉండెడిది.

ఈ చిక్కును విప్పినవాడు ప్లిమత్ నగరమునకు చెందిన విలియం స్నో హారిస్. ఇతడు వృత్తిచే వైద్యుడు. విద్యుచ్ఛాస్త్రముపై మక్కువచే వైద్యమును మానివేసెను. 1820లో ఇతడు చెప్పిన ఉపాయము ఇది: రాగి పలకలను కొయ్యలోనే గాడి తీసి పొదిగి, కొసనుండి మొదలువరకు తెంపులేకుండ దించి, ఓడ అడుగు దూలము గుండా రాగి మేకులతో అడుగునగల రాగి తొడుగునకు కలుపవలెను. నాచు, పురుగు పట్టకుండ ఆనాటి యుద్ధనౌకల అడుగునకు రాగి రేకులు తాపడము చేయుచుండిరి. ఆ తాపడమే విద్యుత్తునకు సముద్రములోనికి వెడల్పయిన వాకిలి అయినది. ఆ కొయ్యలు ఒకే ముక్క కావు. పై ముక్కను అవసరమును బట్టి దించుచు ఎత్తుచు ఉందురు. ఏ స్థితిలో నున్నను రాగికి రాగి తగులునట్లు పలకలను అమర్చుటలోనే హారిస్ ప్రజ్ఞ అంతయు ఉన్నది. ఎవ్వరును ఎక్కనక్కరలేదు, ఎవ్వరును జ్ఞాపకముంచుకొననక్కరలేదు.

అయినను అధికారులు సందేహించిరి. రాగి పిడుగును పిలుచునేమో యని భయపడినవారు పలువురు. చూరునుండి దిగు నీటిగొట్టము వానను పిలువదు. పడిన వానను గోడ తడవకుండ క్రిందికి చేర్చును. హారిస్ ఊరూర ప్రదర్శనలు చేసి ఒప్పింపజూచెను. 1831 నవంబరులో ప్లిమత్ నగరములో అతని ఉపన్యాసమును వినినవారిలో ఇరువది రెండేండ్ల చార్లెస్ డార్విన్ ఒకడు. విద్యుద్యంత్రము మేఘముగా, నీళ్ళ తొట్టి సముద్రముగా, బొమ్మ ఓడ యుద్ధనౌకగా పెట్టి హారిస్ పిడుగుపాటును చూపిన తీరును డార్విన్ తన దినచర్యలో మెచ్చుకొనెను. మరుసటి నెలలో అతడు ప్రయాణమైన బీగిల్ ఓడకు హారిస్ పలకలు పరీక్షార్థము అమర్చియుండిరి. దక్షిణ అమెరికాలో మాంటెవిడియో రేవు వద్ద ఆ ఓడపై పిడుగు పడినపుడు పెద్ద కొయ్య అంతయు నిప్పుముద్దవలె కనిపించినదని సలివాన్ అను అధికారి వ్రాసెను. ఓడకు గాని మనుష్యులకు గాని హాని కలుగలేదు. ఇట్టి పరీక్షల పిమ్మట 1842లో బ్రిటిష్ నావికాదళము ఈ పద్ధతిని తన ఓడలన్నిటికి స్వీకరించెను.

తరువాత పెద్ద ఓడలు ఇనుముతోను, ఉక్కుతోను తయారైనవి. ఓడయే వాహకమైనందున ఈ బాధ వానికి చాలవరకు తీరినది. కాని చిన్న తెరచాప పడవలకు అది నేటికిని మిగిలియున్నది. ఇప్పటి పడవల స్తంభము అల్యూమినియము. విద్యుత్తు సులభముగా దిగును. పడవ దేహము ఫైబరుగాజు; విద్యుత్తును పోనీయదు. స్తంభము మొదలికి వచ్చిన విద్యుత్తు అక్కడ చిక్కుకొని పక్కలకు దూకును. అందువలన స్తంభము మొదలినుండి లావుపాటి రాగితీగను పడవ అడుగున నీటిలో నుండు లోహపు పలకకు కలుపుదురు. ఉప్పునీటిలో ఈ పలకకు ఒక చదరపుటడుగు వైశాల్యము చాలునని లెక్క. నదులలో, సరస్సులలో అది చాలదు. మంచినీరు సముద్రపు నీటికంటె వందలరెట్లు తక్కువగా విద్యుత్తును పోనిచ్చుటచే అక్కడి పడవలకే దెబ్బ ఎక్కువ.

తీగ ఉన్నను పిడుగు పక్కకు దూకుట ఎందుకు? విద్యార్థులు ఈ లెక్కను చేసి చూడవచ్చును. 15 మీటర్ల పొడవు, 25 చదరపు మిల్లీమీటర్ల మధ్యచ్ఛేదముగల రాగితీగకు నిరోధము ఓములో నూరవ వంతు. 30,000 ఆంపియర్లు ప్రవహించినను దాని కొనల నడుమ కేవలము 300 వోల్టులే ఏర్పడవలెను. కాని పిడుగు ప్రవాహము నిలుకడగా ఉండదు. సెకనులో పదిలక్షలవ వంతులు ఒకటి రెండింటిలో సున్నానుండి శిఖరమును అందుకొనును. ప్రవాహము మారినపుడు తీగలో స్వయంప్రేరణ పుట్టి దానిని ఎదిరించును. తీగకు మీటరుకు ఒక మైక్రోహెన్రీ చొప్పున తీసికొని, రెండు మైక్రోసెకనులలో 30,000 ఆంపియర్లు చేరినవనుకొన్నచో 2,25,000 వోల్టులు వచ్చును. నిరోధము చెప్పిన 300 ఎక్కడ, ఇది ఎక్కడ! ప్రక్కనే ఇంజనో, నీటికుళాయియో, లోహపు కమ్మియో ఉన్నచో విద్యుత్తు దానిపైకి దూకక మానదు. తీగను వంకరలు లేకుండ దింపుటకును, పడవలోని పెద్ద లోహభాగములను దానికి కలిపివేయుటకును ఇదియే కారణము.

ఇన్ని చేసినను పిడుగు పడిన పిదప చూడవలసిన పని చాల ఉన్నది. మొదట మనుష్యులు. పిడుగు తగిలినవాని శరీరములో విద్యుత్తు నిలిచియుండునని కొందరు దగ్గరకు పోవుటకే భయపడుదురు. ఇది వట్టి అపోహ. అతనిని వెంటనే తాకవచ్చును. శ్వాస, నాడి ఆగిపోయినచో నోటితో ఊపిరి ఊదుచు రొమ్మును నొక్కుచు ఉండవలెను. పలుమారు గుండె తిరిగి కొట్టుకొనును గాని, ఊపిరి వెంటనే రాదు; ఆ నడిమి నిమిషములలోనే ప్రాణము పోవును.

తరువాత నీరు. ఇంజను చల్లబరచు నీటికై పడవ అడుగున రంధ్రములు చేసి ఇత్తడి కవాటములు బిగించియుందురు. విద్యుత్తు సముద్రమునకు పోవుచు వీనిని పగులగొట్టును, ఒక్కొక్కప్పుడు ఊడగొట్టును. జాగ్రత్త గల నావికుడు ప్రతి రంధ్రము ప్రక్కన దానికి సరిపడు కొయ్య బిరడాను ముందే కట్టి ఉంచును.

ఆ వెనుక దిక్సూచి. పిడుగు ప్రవాహము సమీపములోని ఇనుమును అయస్కాంతముగా చేయగలదు. ముల్లు తలక్రిందులై ఉత్తరమునకు బదులు దక్షిణమును చూపిన ఉదాహరణములు పాత ఓడల చరిత్రలో కలవు. రాత్రి ధ్రువనక్షత్రముతోను, పగలు సూర్యునితోను పోల్చి చూడనిదే దానిని నమ్మరాదు. రేడియో, లోతు తెలుపు యంత్రము మొదలగు ఎలక్ట్రానిక్ పరికరములు ప్రక్కన పిడుగు పడినను చెడవచ్చును. బాగుగా పనిచేయుచున్నట్లు కనిపించినవి సయితము కొన్ని వారములకు మూలపడుట కలదు.

రేవు చేరిన పిమ్మట పడవను నీటినుండి పైకెత్తుట తప్పదు. నీటిగీత దగ్గర సూదిమొనంత రంధ్రములు ఉండవచ్చును. కుండ కొనువారు వ్రేలితో తట్టి చూచినట్లు, చిన్న సుత్తితో దేహమంతట తట్టుచు పోవుదురు. గట్టిచోట ఖణీలుమను ధ్వని వచ్చును; పొరలు విడిచినచోట బొద్దుగా మ్రోగును. అచ్చట పైపొరను చెక్కివేసి, చెమ్మ పూర్తిగా ఆరిన పిదపనే క్రొత్త పొరలు వేయవలెను. ఈ ఆరుటకు ఒకటి రెండు వారములు పట్టినను తొందరపడరాదు. లోపల మిగిలిన తడిపై పూసిన పూత కొద్దికాలమునకే పొక్కులెత్తి లేచిపోవును.