ఎడం చెయ్యి చేసే పని: కొడవలి నుండి కోతమిషను దాకా



కోతల రోజులొచ్చేశాయి. మొన్న ఆదివారం ఇంటికెళ్ళి వచ్చినవాళ్ళలో ముగ్గురి వేళ్ళకి గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. ముగ్గురికీ ఎడం చేతికే. మా అమ్మ ఎడంచేతి చిటికెన వేలి మీద పాత గాటు మచ్చ ఉంది. మా పెద్దమ్మకైతే ఆ వేలి కొసే లేదు. ఎందుకిలా ఎడం చెయ్యే తెగుతుంది?

"కొడవలి కుడి చేతిలో ఉంటుంది కదా, అందుకే" అని మీరు వెంటనే అనేస్తారు. నిజమే. కానీ ఎడం చెయ్యి అసలు అక్కడ ఎందుకుంది? దానికి జవాబు దొరికితే, మన కొడవలి నుండి కింద గోదావరి జిల్లాల్లో తిరిగే పెద్ద కోతమిషను దాకా అన్నీ ఎలా పనిచేస్తాయో అర్థమైపోతుంది.

ముందు ఒక చిన్న ప్రయోగం

మన బడి వెనకాల ఎండిన గడ్డి ఉంది కదా. నిలబడి ఉన్న ఒక్క పరకని ఎంచుకోండి.

1. బ్లేడుతో దాన్ని మెల్లగా పక్కకి నెట్టండి. తెగదు. వంగిపోతుంది.
2. ఇప్పుడు ఎడం చేత్తో పరకని పట్టుకుని బ్లేడు లాగండి. తెగుతుంది.
3. చేత్తో పట్టుకోకుండా కత్తెరతో కత్తిరించండి. తెగుతుంది.
4. కత్తెర మేకు వదులు చేసి మళ్ళీ చూడండి. పరక తెగకుండా రెండు రేకుల మధ్య మడత పడిపోతుంది.
5. సన్నటి బెత్తం తీసుకుని గాలిలో జువ్వుమని కొట్టండి. పచ్చి తలలు ఎగిరిపోతాయి. బెత్తానికి పదునే లేదు!

సంతకి నడిచి వెళ్ళేటప్పుడు దారి పక్క తుప్పల్ని బెత్తంతో కొట్టని వాళ్ళు మనలో ఎవరున్నారు? అదీ ఒక కోత పద్ధతే.

దీన్నిబట్టి తెలిసేది ఏంటంటే, పైరు తెగడానికి పదును ఒక్కటే చాలదు. కత్తి నెడుతున్నప్పుడు వంగిపోకుండా కాడని ఏదో ఒకటి ఆపాలి. కొడవలి కోతలో ఆపేది ఎడం చెయ్యి. కత్తెరలో రెండో రేకు. బెత్తంతో కొట్టినప్పుడు ఎవరూ ఆపరు, కానీ కాడ వంగేలోపే దెబ్బ దాటిపోతుంది. కోత యంత్రాలు చేసినవాళ్ళంతా ఈ మూడు దారుల్లోనే తిరిగారు.

మొదటి దారి: పట్టుకుని లాగడం

కొడవలి అంచుని వేలితో తడమకండి, కళ్ళతో చూడండి. సన్నటి పళ్ళుంటాయి. దాన్నే కక్కు అంటారు. ఆ పళ్ళు పిడి వైపుకి వాలి ఉంటాయి. అందుకే మన వైపుకి లాగినప్పుడు పట్టుకుంటాయి.

పండిన వరి గడ్డి నున్నగా ఉంటుంది. పైగా ఇసకలో ఉండే సిలికా అనే పదార్థం ఆ గడ్డిలోనూ ఉంది. అది అంచుని అరగదీస్తుంది. నున్నటి అంచైతే గడ్డి మీద జారుతుంది. కక్కు ఉంటే ఒక్కో పన్ను ఒక్కో కాడని పట్టి ఆపుతుంది. ఎడం చేతి పనిలో కొంత ఆ పళ్ళే చేసేస్తాయన్నమాట. అందుకే కక్కు బాగుంటే చేతిని కోసే చోటికి అంత దగ్గరగా పెట్టక్కర్లేదు.

మా ఊళ్ళో కొలిమి పెట్టుకున్న తాత ఈ సంగతి ఎప్పుడో చెప్పాడు: "పదునున్న కొడవలి వరి కోస్తాది, పదును లేనిదే ఏలు కోస్తాది." మొద్దు కొడవలిని బలంగా లాగాలి. బలంగా లాగితే జారుతుంది. జారితే కింద ఉన్నది చిటికెన వేలే.

భోపాల్‌లో కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఉంది. వాళ్ళు తయారు చేసిన కొడవలి పేరు నవీన్. దానికీ పళ్ళున్నాయి. ఇంకో మార్పు కూడా చేశారు. పిడి దగ్గర కొంచెం వంపు పెట్టారు. దాంతో దుబ్బుని నేలకి దగ్గరగా కోసినా పిడికిలి మట్టికి, కొయ్యకాలుకి గీసుకోదు. చూడ్డానికి చిన్న మార్పే. రోజంతా వంగి కోసేవాళ్ళకి చిన్నది కాదు.

రెండో దారి: ఇనప వేళ్ళు

స్కాట్లండు దేశంలో పాట్రిక్ బెల్ అనే ఆయన చర్చి బోధకుడు కావడానికి చదువుకుంటూనే, 1828 నాటికి ఒక కోతయంత్రం చేశాడు. దానికి వరసగా కత్తెరలు బిగించాడు. గుర్రాలు దాన్ని వెనక నుండి తోసేవి. ఆయన దాని మీద పేటెంటు, అంటే సొంత హక్కు పత్రం, తీసుకోలేదు.

అమెరికాలో సైరస్ మెకార్మిక్ 1831లో తన యంత్రాన్ని పొలంలో నడిపి చూపించాడు. ఆ పనిలో జో ఆండర్సన్ అనే నల్లజాతి మనిషి చెయ్యి కూడా ఉంది. ఆయన ఆ ఇంట్లో బానిస. 1834లో పేటెంటు మాత్రం మెకార్మిక్ పేరు మీదే వచ్చింది. ఒబెడ్ హస్సీ అనే ఇంకొకాయన అంతకి ముందే, 1833లోనే, వేరే యంత్రానికి పేటెంటు పొందాడు. ఇప్పటి కోతపట్టీకి ఆ హస్సీ పద్ధతే దగ్గర.

కోతపట్టీ అంటే ఏంటో చూద్దాం. ఒక పొడవాటి ఇనప బద్దకి మూడు కోణాల బ్లేళ్ళు వరసగా బిగిస్తారు. రంపంలాగా కనపడుతుంది. ఇది అటూ ఇటూ కదులుతుంది. దీని ముందు కదలని ఇనప ముక్కలు పొడుచుకుని ఉంటాయి. వాటి మధ్యలో చీలిక ఉంటుంది. బ్లేడు ఆ చీలికలో దూరి వెళ్తుంది. కాడలు రెండు ముక్కల సందులోకి వస్తాయి, బ్లేడు వచ్చి వాటిని పక్క ముక్కకేసి నొక్కి తెంపుతుంది.

ఆ కదలని ముక్కల్ని ఏమంటారో తెలుసా? వేళ్ళు! యంత్రాలు చేసేవాళ్ళు పెట్టిన పేరే అది. మా అమ్మ ఎడం చేతి వేళ్ళు చేసే పనే అవి చేస్తున్నాయి. తేడా ఒక్కటే, ఇవి ఇనపవి.

మరి బద్ద అటూ ఇటూ ఎలా కదులుతుంది? కుట్టుమిషను చూడండి. చక్రం గుండ్రంగా తిరుగుతుంది, సూది పైకీ కిందకీ ఆడుతుంది. ఇక్కడా అంతే. సాధారణంగా బ్లేడు ఒక వేలి నుండి పక్క వేలికి 76 మిల్లీమీటర్లు, అంటే 3 అంగుళాలు కదులుతుంది. చక్రం నిమిషానికి 500 చుట్లు తిరిగిందనుకుందాం. ఒక్కో చుట్టుకి ఒకసారి అటు, ఒకసారి ఇటు. మొత్తం 1000 కదలికలు. లెక్క వేస్తే సెకనుకి సుమారు 1.27 మీటర్లు. మనం నడిచే వేగమే!

తరవాత వచ్చిన మార్పులు

ఈ పట్టీని 200 ఏళ్ళుగా బాగు చేస్తూనే ఉన్నారు. ముఖ్యమైనవి ఇవి.

సందు: వదులు కత్తెర గుర్తుందా? బ్లేడుకీ వేలికీ మధ్య సందు పెరిగితే గడ్డి మడతపడి ఇరుక్కుంటుంది. అందుకే వేలి లోపల గట్టి ఉక్కు పలక పెట్టారు. బ్లేడుని దానికి ఆనించి ఉంచడానికి పైన నొక్కుడు ముక్కలు బిగించారు.

కక్కు: పచ్చగడ్డి కోసే బ్లేళ్ళకి నున్నటి అంచు, ఎండిన వరి, గోధుమ కోసే వాటికి పళ్ళ అంచు పెట్టారు. మన కొలిమి తాతకి తెలిసిన సంగతే ఇక్కడా పనికొచ్చింది.

అదురు: బద్ద ప్రతిసారీ ఆ చివర ఆగి వెనక్కి తిరగాలి. అందుకే మిషనంతా అదురుతుంది. కొన్నిట్లో ఎదురు బరువు పెట్టారు. కొన్నిట్లో రెండు బద్దలు పెట్టి ఒకటి అటు పోతే ఇంకోటి ఇటు వచ్చేలా చేశారు.

బోల్టులు: పూర్వం బ్లేళ్ళని రివిట్లతో కొట్టేవారు. ఒకటి విరిగితే పొలంలో పని ఆగిపోయేది. ఇప్పుడు చాలా మిషన్లలో బోల్టు విప్పి ఆ ఒక్క బ్లేడు మార్చుకుంటారు.

1980ల్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ, చైనా ఇంజనీర్లు కలిసి మనిషి వెనక నడిచి తోలే చిన్న వరి కోతమిషనుని తయారు చేశారు. అది కోసిన పైరుని నిలబడి ఉండగానే పక్కకి జరిపి వరసగా పడేస్తుంది. వెనకాల పనలు కట్టుకోవచ్చు. పెద్ద మిషనైతే కోత, నూర్పు, తూర్పార మూడూ ఒకేసారి చేసేస్తుంది.

మూడో దారి: కొట్టడం

బ్రష్ కట్టరు మీరు చూసే ఉంటారు. భుజానికి తగిలించుకుని తిప్పుతారు. దానికి రెండో అంచు లేదు, వేళ్ళు లేవు. మన బెత్తం లాంటిదే. కాబట్టి వేగంగా కొట్టాలి. ఎంత వేగంగా? 255 మిల్లీమీటర్ల బిళ్ళ నిమిషానికి 6000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకి 80 మీటర్లు పోతుంది. అంటే గంటకి 288 కిలోమీటర్లు!

కాడని ఆపే వేలుంటే 1.27 మీటర్లు చాలింది. వేలు లేకపోతే ఇంత వేగం కావాల్సి వచ్చింది. ఎడం చెయ్యి చేసే పని ఎంత పెద్దదో ఈ లెక్కే చెప్తుంది. ఈ వేగానికి రాయి తగిలితే తుపాకి గుండులా వస్తుంది. మన చేలల్లో రాళ్ళకి కొదవా?

మరి మన కొండలకి ఏది?

పెద్ద మిషను మన దగ్గరికి రాదు. వచ్చినా మెట్ల మడుల్లో తిరగలేదు. పోడు చేలో రాళ్ళు, మోళ్ళు తగిలి బ్లేళ్ళు విరుగుతాయి. ఇంకో సంగతి ఉంది. చోడి వెన్నులన్నీ ఒకేసారి పండవు. మా అమ్మ పండిన వెన్నుని చూసి కోస్తుంది, పచ్చిది వదిలేస్తుంది. మిషనుకి ఆ చూపు లేదు.

గెడ్డ పక్కన చదునుగా ఉన్న వరి మడులకైతే చిన్న కోతమిషను పనికొస్తుంది. ఒక్కో ఇల్లూ కొనలేదు కాబట్టి ఊరంతా కలిసి ఒకటి తెచ్చుకుంటే మేలు. అలాంటిదొస్తే, కోతలకని వారం పది రోజులు బడి మానేసేవాళ్ళు మానక్కర్లేదు. మన తరగతిలో ఈ నెలలో ఎన్ని జాగాలు ఖాళీగా ఉన్నాయో చూశారుగా! మిగతా చోట్ల మంచి కక్కు కొడవలే దారి. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. ఏ పనిముట్టు మన చేలకి సరిపోతుందో పెద్దోళ్ళు అక్కడ అడగొచ్చు.

ఈ లోపు మనం చెయ్యగలిగినవి:

1. కోతలకి ముందే కొడవలికి కక్కు కొట్టించండి. కోత మధ్యలో కాదు.
2. దుబ్బుని బొటనవేలు పైకి ఉండేలా, కోసే చోటికి జానెడు పైన పట్టుకోండి.
3. మిషనులో గడ్డి ఇరుక్కుంటే ముందు ఇంజను ఆపండి. తరవాత కూడా చెయ్యి పెట్టకండి, కర్రతో తియ్యండి. అవి ఇనప వేళ్ళు. మనవి కావు.
4. బ్రష్ కట్టరు తిరుగుతుంటే 15 మీటర్ల దూరంలో ఉండండి. చిన్నపిల్లల్ని రానివ్వకండి.
5. వేలు తెగితే మట్టి, సున్నం పెట్టకండి. మంచి నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి ఉంచండి. ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ధనుర్వాతం ఇంజెక్షను గురించి అడగండి.

ఈసారి ఇంటికెళ్తే కొడవలికి కక్కు ఉందో లేదో చూడండి. పోయి ఉంటే సంతకి వెళ్ళేటప్పుడు మీరే పట్టుకెళ్ళి కొట్టించి తెండి. అప్పుడు అమ్మ చెయ్యి జానెడు పైన ఉన్నా కోత సాగుతుంది.