చలిదేశంలో కారు సర్వీసు: ఏది చవుక?

శీతకాలం సమీపించగానే రెజైనాలోని తెలుగు కుటుంబాలలో కారు సర్వీసు ప్రస్తావన వస్తుంది. ఎక్కడ తక్కువ తీసుకుంటారన్నదే తొలి ప్రశ్న. కాని బిల్లు మొత్తాన్ని మాత్రమే పోల్చటం సరికాదు.

ఒకచోట ఆయిల్ మార్పుకు 60 డాలర్లు, దాని మన్నిక 5,000 కిలోమీటర్లు అనుకుందాం. మరొకచోట సింథటిక్ ఆయిల్‌కు 100 డాలర్లు, మన్నిక 10,000 కిలోమీటర్లు. కిలోమీటరుకు మొదటిదానికి 1.2 సెంట్లు, రెండవదానికి 1 సెంటు. ఎక్కువ ధర గలదే చవుక! సరియైన మన్నికను కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడాలి. చెప్పిన ధరలో 5 శాతం జి.ఎస్.టి., 6 శాతం సస్కాచెవాన్ రాష్ట్రపు పన్ను కలిసినవో లేవో అడగాలి.

ఆయిల్ చలికి ఆముదంవలె చిక్కబడుతుంది. ఇంజను తిరగగలదా అని 5డబ్ల్యు రకాన్ని మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, 0డబ్ల్యు రకాన్ని మైనస్ 35 వద్ద పరీక్షిస్తారు.

రేడియేటరులోని కూలెంట్ మరీ ముఖ్యం. నీరు, ఇథిలీన్ గ్లైకాల్ సమపాళ్ళలో ఉంటే అది సుమారు మైనస్ 37 వరకు గడ్డకట్టదు. గ్లైకాల్ 60 శాతమైతే సుమారు మైనస్ 50 వరకు రక్షణ. అయితే అధికమైనదంతా మేలు కాదు. శుద్ధ గ్లైకాల్ మైనస్ 13 వద్దనే ఘనీభవిస్తుంది. రెజైనాలో 1885 జనవరి 1న మైనస్ 50 నమోదయింది.

నీరు గడ్డకట్టేటప్పుడు 9 శాతం వ్యాకోచించి ఇంజను దిమ్మనే పగులగొట్టగలదు. కనుక కూలెంట్ పరీక్షను వదలివేసిన సర్వీసు ఎంత తక్కువకు దొరికినా చవుక కాదు.